ఆ కట్టలు జరపండి మేడం, పిల్ల కనపడ్డంలేదు

టీసీ అక్క పోయిందన్న వార్త నాకు మంగలి షాపు కుర్చీలో తెలిసింది. ఒక చెంప గీయడం అయింది. రెండో చెంపకు నురగ పట్టించి, కత్తికి కొత్త బ్లేడు తొడుగుతూ అతను మామూలుగానే అన్నాడు. "రైల్వే కాలనీలో టీసీ మేడం పోయినాదంట కదన్నా. మధ్యాన్నం అన్నం తిని పండుకున్యామె లేయనే లేదంట."

నేను అద్దంలో అతన్నే చూస్తున్నాను.

"నీకు తెలిసే ఉంటాదనుకుంటి," అన్నాడు చెయ్యి ఆపి. "ఇద్దరూ ఆ పిల్లోల్ల పని మీద తిరుగుతాంటిరి కదా."

మెడకు కట్టిన గుడ్డతోనే లేచి బయటికి వచ్చేశాను. "అన్నా, ఇంగో పక్క ఉండాది!" అని అతను వెనకనుంచి అరుస్తూనే ఉన్నాడు. గుంతకల్లు ఎండకు సబ్బు నురగ ఎంత త్వరగా ఎండి చర్మాన్ని లాగుతుందో ఆ రోజే తెలిసింది. అక్క ఇంటి వాకిట్లో కూర్చున్న రైల్వేవాళ్ళు నన్ను చూసి, పాపం దుఃఖం మరీ ఎక్కువైనట్టుంది అనుకున్నారు కాబోలు, లేచి చోటిచ్చారు. ఆమె కూతురు మాత్రం నా మొహం చూసి, అంత ఏడుపులోనూ, "మామా, మాయమ్మ చూసింటే పడీపడీ నవ్వుతాండె," అంది.

నిజమే, నవ్వేది. నవ్వి ఊరుకునేదా? "నేను పిలిస్తే ఇంత బిరీన ఎప్పుడన్నా వచ్చినావాప్పా?" అని కూడా అడిగేది.

రాలేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తాను. నాకు కథను దాచి దాచి చివర్లో విప్పే అలవాటు ఉంది, ఈ ఒక్కదాంట్లో ఆ పని చేయబుద్ధి కావడం లేదు. ఆమె పోవడానికి కొన్నాళ్ళ ముందు ఇద్దరం కలిసి కుందుర్పి వైపు ఒక ఊరికి పోవాల్సి ఉండింది. నేను పోలేదు. ఆమె ఒక్కతే, ఆ ముదురు ఎండల్లో, మూడు బస్సులు మారి పోయి వచ్చింది. వచ్చిన వారంలోపే పోయింది. డాక్టరు అంటాడు, ఆమె గుండె ఎప్పటినుంచో బలహీనమే, ఎక్కడికీ పోకపోయినా జరిగేదేనని. డాక్టరు మాట నేను నమ్ముతాను, చదువుకున్నవాడు. అన్నం ముందు కూర్చున్నప్పుడు ముద్ద మాత్రం నమ్మదు. గొంతులో నిలబడి అడుగుతుంది.

ఇంతకీ ఆమె ఎవరో చెప్పలేదు. రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఊళ్ళో అందరికీ టీసీ మేడం, నాకు టీసీ అక్క. అసలు పేరు చెప్పినా గుంతకల్లులో ఎవరూ గుర్తుపట్టరు కాబట్టి రాయను. నేను ఎవరంటే, స్టేషన్లో పేపర్లు, పుస్తకాలు అమ్ముకున్నవాణ్ణి. ఆమెకు పేపరప్పను. బడి నన్ను అయిదో తరగతిలోనే వదిలేసింది. తర్వాతి చదువంతా అమ్ముడుపోని పత్రికలతో అయింది. అమ్ముడుపోయేవి చదవడానికి మిగిలేవి కావు కదా. అందుకని జనం తెలుసుకోవాలనుకునే సంగతులు నాకు పెద్దగా తెలియవు, ఎవరికీ అక్కర్లేనివి మాత్రం చాలా తెలుసు. వాటిని చెప్పుకుంటూనే ముసలివాణ్ణయ్యాను.

ఉద్యోగంలో ఉన్నప్పుడు అక్క మహా గట్టిది. టికెట్ లేని మొగవాళ్ళు ఆమె నల్లకోటును రెండు పెట్టెల అవతల చూసి, పక్క స్టేషన్లో దిగి వెనక పెట్టె ఎక్కేవాళ్ళు. ఆమె అక్కడ కూడా ఉండేది. కానీ బెర్తు కింద ముడుచుకున్న పిల్ల కనిపిస్తే చేసే మొదటి పని ఆ కోటు విప్పి కొక్కేనికి తగిలించడం. తర్వాత ఆ పిల్ల పక్కన, నేల మీదే చతికిలబడేది.

"కోటుతో అడిగితే పిల్లోల్లు పోలీసుకి చెప్పినట్ల చెప్తారప్పా," అనేది. "అంటే అబద్ధం చెప్తారు."

అట్లా దిగినవాళ్ళను రైల్వే పోలీసులు వచ్చి కాగితాలు రాసుకునేదాకా నా దుకాణం దగ్గర కూర్చోబెట్టేది. నేను బొమ్మల పత్రికలు ఇచ్చేవాణ్ణి. వాళ్ళు బొమ్మలు చూసేవాళ్ళు, నేను కథ చెప్పేవాణ్ణి. ఆ తర్వాత వాళ్ళు జీపెక్కి అనంతపురం పోయేవాళ్ళు. అంతటితో నాకు వాళ్ళ కథ అయిపోయేది. ఆమెకు అయిపోయేది కాదు. "ఆ పిల్లోడు ఏమాయనో?" అని పండగ పూట కూడా అడిగేది. ఏమయ్యాడో నాకేం తెలుసు? నేను చెప్పిన కథలో రాజకుమారుడు ఏమయ్యాడో తెలుసు గానీ.

రిటైరైన ఏడాదే ఆమె అడుగుతూ అడుగుతూ అనంతపురం దాకా పోయింది. ఇంటినుంచి పారిపోయినవాళ్ళు, పనుల్లోంచి విడిపించినవాళ్ళు, అమ్మానాయన వలసపోయి తిరిగి రానివాళ్ళు, ఇట్లాంటి పిల్లల సంగతి తేల్చే కమిటీ ఒకటి అక్కడ కూర్చుంటుంది. పిల్ల ఎక్కడ ఉండాలి, ఎవరి దగ్గరికి పోవాలి, ఆ బల్ల దగ్గరే నిర్ణయం. ఆ బల్లకు ఇటు ఉన్న పిల్లలు ఎక్కువ, అటు ఉన్న మనుషులు తక్కువ. ఇల్లు చూసి రావలసిన ఆఫీసమ్మాయి ఒక్కతే, చూడాల్సిన ఇళ్ళు జిల్లా అంతా. అందుకని పిల్లతో కూర్చుని, ఆ పిల్లకు ఏం కావాలో విని, అదే మాట బల్ల ముందు చెప్పడానికి బయటి మనుషుల్ని రమ్మన్నారు. జీతం లేని పని. అక్క పేరిచ్చింది. నన్ను అడక్కుండా నా పేరూ ఇచ్చింది.

మాకొక శిక్షణ జరిగింది. ఒక సారు పొద్దున్నుంచి పులిహోర పొట్లాలు వచ్చేదాకా మాట్లాడాడు. చివర్లో ఎవరికైనా సందేహాలున్నాయా అన్నాడు. అక్క లేచింది.

"మాకు ఏం అధికారం ఉండాది సార్?"

"అధికారమేమీ లేదమ్మా," అన్నాడు ఆయన, మంచి మనిషి, కొంచెం ఇబ్బంది పడుతూ. "అడగొచ్చు. అంతే."

"చాలు," అని కూర్చుంది.

ఆ 'చాలు' అన్న మాటకు అర్థం నాకు కమిటీ ముందు తెలిసింది. మొదటిసారి ఆమెతో పోయినప్పుడు లోపలికి పిలిచింది ఒక చిన్నపిల్లను. బల్ల మీద ఫైళ్ళ కట్టలు, ఎర్ర టేపు కట్టినవి, కట్టనివి, గోడలాగా పేర్చి ఉన్నాయి. ఆ పిల్లను కుర్చీలో కూర్చోబెడితే బల్ల అవతలివాళ్ళకు పాపిట మాత్రమే కనిపిస్తుంది. కమిటీ పెద్ద మేడం ఏదో అడిగింది. పిల్ల కట్టలకు జవాబు చెప్పింది. అక్క వెనకనుంచి, గొంతు పెంచకుండా అంది.

"ఆ కట్టలు కొంచెం పక్కకు జరపండి మేడం. పిల్ల కనపడ్డంలేదు."

పెద్ద మేడమే లేచి తన చేతులతో కట్టలు ఎత్తి కింద పెట్టింది. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, అది చెప్పాలి. ఆ మేడం తెచ్చుకున్న అన్నం డబ్బా సాయంత్రం దాకా మూత తీయకుండా ఉండడం నేను చాలాసార్లు చూశాను. బయటికొచ్చాక నేను ఆఫీసుల మీద నాలుగు మాటలు విసరబోతే అక్క ఒప్పుకోలేదు. "వాళ్ళు మునిగిపోతాండారప్పా. మునిగేవాణ్ణి తిడితే వాడు ఇంగొకన్ని ఎట్ల ఎత్తుతాడు?" అంది.

పిల్లలతో మాట్లాడ్డానికి ఆమె పద్ధతి ఒకటుంది. సంచిలో చెనిక్కాయలు తీసుకుపోయేది, తొక్కతో ఉన్నవి. నా దుకాణంలో మిగిలిన పేపరు పరిచి, కాయలు కుమ్మరించి, తను ఒలవడం మొదలుపెట్టేది. మా వైపు విత్తనానికి కాయలు ఒలిచే రోజుల్లో ఆడవాళ్ళు గుంపుగా కూర్చుంటారు. ఇంట్లో నోరెత్తని కోడలు కూడా అక్కడ మాట్లాడుతుంది, ఎందుకంటే అందరి కళ్ళూ కాయల మీదే ఉంటాయి. ఆమె ఆ అలవాటును పిల్లలుండే హోముకు పట్టుకుపోయింది. పిల్ల కాసేపు చూసేది. తర్వాత ఒక కాయ తీసుకునేది. ఆ తర్వాత ఎప్పుడో ఒక మాట. అక్క తలెత్తేది కాదు.

"మొకం చూడగాకు," అని నాకు చెప్పేది. "మొకం చూస్తే పిల్ల మన మొకానికి తగినట్ల చెప్తాది."

ఇంకొక షరతు నాకు ప్రత్యేకంగా పెట్టింది. "పిల్ల చెప్పిన మాట చెప్పినట్లే చెప్పల్ల. నువ్వు దానికి పోపు పెట్టద్దు." ఇంట్లో పోపు పెట్టకుండా చారు కాచిన రోజు నేను అలిగి లేచిపోతానని ఆమెకు తెలుసు. ఆ సంగతి మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు ఆ పిల్ల దగ్గరికి వస్తాను. పేరు రాయకూడదు, చట్టం ఒప్పుకోదు, అక్క అసలు ఒప్పుకోదు. పదేళ్ళు ఉంటాయేమో. చలికాలంలో గుంతకల్లు స్టేషన్లో, ఇంకా మూడేళ్ళు నిండని తమ్ముణ్ణి చంకనేసుకుని దొరికింది. కుందుర్పి వైపు ఊరు. అమ్మానాయన బెంగళూరులో కట్టడం పనులకు పోయి, అక్కడే తల్లి జబ్బుచేసి పోయింది. తండ్రి కొన్నాళ్ళు ఉన్నాడు, ఒకనాడు పనికని పోయి రాలేదు. పక్క గుడిసెవాళ్ళు రైలెక్కించి, ధర్మవరంలో దిగి బస్సులు మారి అవ్వ దగ్గరికి పొమ్మన్నారు. పిల్ల నిద్రపోయింది. గుంతకల్లులో మెలకువ వచ్చింది.

అనంతపురంలో ఆడపిల్లల హోము ఒకటి, పసివాళ్ళను ఉంచే శిశుగృహ ఇంకొకటి. నియమం ప్రకారం ఆమె అక్కడికి, వాడు ఇక్కడికి. ఎవరూ తప్పు చేయలేదు. తమ్ముడు మాత్రం ఊరికి ఆ చివర్న ఉన్నాడు.

చాలా రోజులు ఆ పిల్ల నోరు విప్పలేదు. కాయలు ఒలిచేది, గింజలు ఒక వైపు, పొట్టు ఒక వైపు, శుభ్రంగా. ఒక మధ్యాహ్నం, నేనూ పక్కనే ఉన్నాను, కాయలకే చెప్పినట్టు చెప్పింది.

"నేను పండుకోకుండా ఉన్నింటే మావాడు నా తావే ఉంటాండె."

నేను ఏదో ఓదార్పు మాట అందుకోబోయాను. అక్క మోకాలితో నన్ను పొడిచింది. పొడిచి, కాయ ఒలుస్తూనే అంది. "నిద్ర వచ్చేది తప్పు కాదు పాపా. ధర్మారంలో లేపేదానికి ఒక పెద్ద మనిషి పక్కన లేకపాయ చూడు, తప్పు అది."

పిల్ల ఇంకో కాయ తీసుకుంది. "మా అవ్వ తావకి పంపిస్తారా మమ్మల్ని?"

"అడుగుతా," అంది అక్క. పంపిస్తారని అనలేదు. పిల్లలకు ఆమె ఎప్పుడూ మాట ఇచ్చేది కాదు, అడుగుతాననే చెప్పేది. అడిగేది.

అడిగితే కమిటీ చెప్పింది, ముసలామె సాకగలదో లేదో ఎవరో ఒకరు చూసి రావాలి, ఆఫీసమ్మాయి వంతు రావడానికి ఇంకా టైం పడుతుంది. "మేము పోయొస్తాము," అంది అక్క. మేము అంటే ఆమె, నేను.

ఉగాది అయిన కొత్తలో మొదటిసారి పిలిచింది. మోకాలు నొప్పి, వచ్చే వారం పోదాంలే అక్కా అన్నాను. అది నిజమే, కొంచెం నొప్పి ఉండింది. తర్వాతి వారం మా వియ్యంకుల ఇంట్లో పెళ్ళి. ఆ తర్వాత ఎండలు. ఇట్లా వారం తర్వాత వారం జరిపాను. ఆమె ఒక్కతే పోగలదు. కానీ కొత్త ఊరికి ఇద్దరం పోవాలనేది ఆమె పద్ధతి. ఒకరు ఇంటివాళ్ళతో మాట్లాడాలి, ఇంకొకరు రచ్చబండ దగ్గర కూర్చుని ఊరు ఏమనుకుంటుందో వినాలి. ఆ రెండో పనికి నా అంతటివాడు లేడని ఆమె నమ్మకం. ఆ నమ్మకంతోనే అన్ని వారాలూ కాచుకుంది.

చివరిసారి పిలిచిన రోజున నాకు సన్మానం. ఊళ్ళో కొందరు కుర్రవాళ్ళు సభ పెట్టి, నా కబుర్లకు ఒక శాలువా కప్పుతామన్నారు. ముదురు వేసవిలో ఉన్ని శాలువా. అయినా మనిషన్నాక ఆశ ఉంటుంది.

"వచ్చే వారం తప్పకుండా అక్కా. ఈ ఒక్కటీ కానీ."

"పిల్లదానికి వారమంటే మనకి ఏడాదప్పా."

"ఒక్క వారానికి ఏమైపోతుంది?"

"సరే, బాగ కప్పించుకో," అని ఫోను పెట్టేసింది.

సభ జరిగిన మర్నాడు మళ్ళీ ఫోను చేసింది. గొంతులో ఆయాసం ఉంది. అప్పుడు నేను దాన్ని సంతోషం అనుకున్నాను.

"పోయొస్తినప్పా. ముసల్ది గట్టిగనే ఉండాది. గొర్రెలు మేపుకోని వచ్చి నాకు సంగటి కెలికి పెట్టింది. ఇల్లు చిన్నదే గానీ చుట్టుపక్కల అంతా అయినోల్లే. బడి కనపడేంత దూరం. పిల్లోల్లని ఇస్తే సాక్కుంటాది. ఆఫీసమ్మాయికి చెప్పినా, నువ్వూ ఒక్కసారి పోయి చూసి రాసుకోమ్మా అని. రేపే పోతానంటాది." అంతా చెప్పి అడిగింది. "శాలువా బాగుండాదా?"

"బాగుంది అక్కా. కొంచెం గుచ్చుతాంది."

"గుచ్చనీలే," అంది.

నాతో ఆమె ఆడిన ఆఖరి మాట అది. ఇంకేదన్నా పెద్ద మాట చెప్పి పోయుంటే బాగుండేదని నా కథలు చెప్పే బుద్ధి అనుకుంటుంది. ఆమె చెప్పింది ఇదే.

దినాలు అయిన కొద్ది రోజులకే పిల్ల వాయిదా వచ్చింది. ఆఫీసమ్మాయి ఫోను చేసి, చాలా మొహమాటంగా, "సార్, మేడం బదులు ఎవరన్నా వస్తారా?" అని అడిగింది. వస్తానన్నాను. రెండు చెంపలూ గీయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, అనంతపురం బస్సులో కూర్చుని దారంతా ప్రసంగం కట్టుకున్నాను. అక్కకు చేయలేనిది ఆ పిల్లకు చేస్తానని, నా నోటికి ఉన్న శక్తి అంతా ఆ బల్ల ముందు పెడతానని. నిజంగానే అనుకున్నాను.

కట్టలు జరపమని అడగడం కూడా మరిచిపోలేదు. జరిపారు. పిల్ల కుర్చీలో కూర్చుంది, నేను వెనక నిలబడ్డాను. మొదలుపెట్టాను. వానలు లేని మెట్ట ఊరు చెప్పాను, వలస చెప్పాను, బెంగళూరు చెప్పాను. కమిటీవాళ్ళు పెన్నులు కింద పెట్టి వింటున్నారు. వినేవాళ్ళు దొరికితే నాకు ఏమవుతుందో మా ఇంట్లోవాళ్ళను అడగండి. తల్లి ఆఖరి ఘడియలో కూతురి చెయ్యి పట్టుకుని, కళ్ళనీళ్ళతో, తమ్ముణ్ణి ఎప్పుడూ విడవొద్దని మాట తీసుకుందని చెప్పాను. ఎక్కడినుంచి వచ్చిందో ఆ చెయ్యి, ఆ కన్నీళ్ళు. అలవాటు కొద్దీ వచ్చేశాయి.

ఎవరో నా చొక్కా అంచు పట్టుకుని లాగారు.

"అట్ల కాదు తాతా," అంది పిల్ల మెల్లగా. "మాయమ్మ ఏం చెప్పల్య. ఆస్పత్రిలో ఉన్నె. మమ్మల్ని లోపలికి పోనీల్య."

పెద్ద మేడం పెన్ను చేతిలోకి తీసుకుంది. ఇందులో ఇంకెంత కల్పనో అని ఆమె అనుకుని ఉంటే, ఆమె తప్పేమీ లేదు. పిల్ల బతుకు నా పోపులో మాడిపోబోయింది. ఏదో సర్దబోయి, నోరు మూసుకున్నాను. తర్వాత ఒక్కటే అన్నాను. "ఆ మాట నేను కల్పించినాను మేడం. తప్పయింది. పాపనే చెప్పనీండి."

పిల్ల బల్ల అంచు పట్టుకుంది. "నేను, మావాడు, మా అవ్వ తావ ఉంటాము. నాకు సంగటి కెలికేదానికి వచ్చు. నీళ్ళు తెచ్చేదానికి వచ్చు. బడికి కూడా పోతాను. మావాన్ని మాత్రం ఇంగ యాడా పెట్టద్దండి."

అంతే చెప్పింది. పెద్ద మేడం ఆఫీసమ్మాయిని అడిగింది. ఆ అమ్మాయి, ముసలామెను తనూ చూశానని, టీసీ మేడం చెప్పిందంతా సరేనని చెప్పింది. కమిటీవాళ్ళు తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకున్నారు.

"పంపించొచ్చు," అంది పెద్ద మేడం. "కానీ నెలనెలా పోయి చూసి, మాకు వచ్చి చెప్పే మనిషి కావాలి. ఎవరు పోతారు?"

బళ్ళో పిల్లవాడిలా నేను చెయ్యెత్తాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "అంత దూరం. మీ ఆరోగ్యం బాగుంటుందా?"

"బాగుంది మేడం," అన్నాను. "నా బాధ కూడా అదే."

తమ్ముణ్ణి తీసుకురావడానికి శిశుగృహకు పోయాం. ఆయా వాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఒళ్ళు చేశాడు, నూనె పెట్టి తల దువ్వారు, బాగా చూసుకున్నారు. అక్క పేరు పెట్టి పిలిచింది. నేనంటున్నది వాడి అక్కను. వాడు ఆయా చీర కుచ్చిళ్ళ వెనక్కి పోయి, ఒక కన్నుతో చూశాడు. ఆమె ఇంట్లో పిలిచే పేరుతో పిలిచింది. వాడు ఆయాను చూసి, "ఎవురు?" అని అడిగాడు.

ఆ పిల్ల ఏడవలేదు. చాచిన చేతులు దించుకుంది, అంతే. చలికాలం నుంచి ఆ రోజు దాకా గడిచిన నెలలన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. వాటిలో కొన్ని వారాలు నావి. మోకాలువి, పెళ్ళి భోజనానివి, శాలువావి. ఆఫీసుల మీద, ప్రభుత్వాల మీద, కరువు మీద నేను జీవితమంతా చాలా చెప్పాను. ఆ వారాలు మాత్రం ఎవరి మీదా వేయలేను.

కళ్యాణదుర్గంలో బస్సు మారాం. వాడు ఆఫీసమ్మాయి ఒడిలో, పిల్ల ముందు సీట్లో కిటికీ దగ్గర, నేను ఆమె పక్కన. ఆమె వెనక్కి తిరిగి వాణ్ణి పిలవలేదు, బతిమాలలేదు. చాలా దూరం పోయాక, దూరంగా గుట్టల మీద గాలిమరలు కనిపించాయి. వాడు అమ్మాయి ఒడిలోంచి జారి, సీట్ల సందులోంచి వచ్చి, నా కాళ్ళు తొక్కుకుంటూ ఎక్కి, "నాకి కిటికీ," అన్నాడు. ఆమె జరిగింది. చోటు చాలక వాడు ఆమె తొడ మీదే కూర్చున్నాడు. ఆమె వాడి నడుం చుట్టూ చెయ్యి వేయడానికి ఎంతో సేపు తీసుకుంది. నేను అటు చూడకుండా, టికెట్టు వెనక ఏం రాసి ఉందో చదువుకుంటూ కూర్చున్నాను.

ఆ ఊరి స్టాపు రోడ్డు మీదే. పిల్లలొస్తున్నారని కబురంది ముసలామె అప్పటికే వచ్చి నిలబడి ఉంది, ఉతికిన చీర కట్టుకుని, తలకు నీళ్ళు పోసుకుని. పిల్ల దూకి పోయి కరుచుకుంది. ముసలామె ఒక చేత్తో మనవరాలిని, ఒక చేత్తో మనవణ్ణి పట్టుకుని, వాళ్ళ తలలు, భుజాలు, వేళ్ళు తడిమి చూసుకుంది. ఆఫీసమ్మాయి సంచి దించింది. చివరగా నేను, కమ్మీ పట్టుకుని మెల్లగా దిగాను.

"ఇంగెవరన్నా దిగేదుండాదా?" అని అరిచాడు కండక్టరు.

"లేరు, పోనీ," అన్నారు లోపలనుంచి ఎవరో.

బస్సు కదలబోయింది. ముసలామె మనవడి చెయ్యి వదిలి, గబగబా ముందుకు వచ్చి, తలుపు దగ్గరి కమ్మీ పట్టుకుంది.

"ఆగు సామీ, ఆగు! ఆ యమ్మ ఇంగా దిగల్య."

డ్రైవరు బ్రేకు వేశాడు. కండక్టరు లోపలికి తిరిగి సీట్లన్నీ చూసి, మళ్ళీ బయటికి తిరిగి నన్ను చూశాడు. ఆఫీసమ్మాయి కూడా నన్నే చూసింది. ఈ ముసలామెకు ఎవరూ చెప్పలేదన్న సంగతి మా ఇద్దరికీ అప్పుడే తెలిసింది. చెప్పాల్సినవాణ్ణి నేను. మాటలకు ఎన్నడూ కరువు లేని నోరు ఇది. తెరిచాను, మాట రాలేదు.

కిటికీల్లోంచి జనం తలలు బయటికి పెట్టి చూస్తున్నారు. ఇంజను ఆడుతూనే ఉంది. ముసలామె కమ్మీ వదలకుండా, మునివేళ్ళ మీద లేచి, బస్సు లోపలికి, ఆ చివరి సీటు దాకా చూస్తోంది.